ఏ చట్టం, ఎవరి సంతకం, ఎన్నాళ్లు?

పాఠకుల ప్రశ్నలు, న్యాయ నిపుణుల జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే భయం చుట్టూ తిరిగాయి. భద్రత పేరుతో పోలీసులు, ప్రభుత్వం ఎంతవరకు రావచ్చు? మనం ఎక్కడ నిలబడి కాగితం అడగవచ్చు? రాసినవారి పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా తమ్ముడి మీద గొలుసు దొంగతనం కేసులు మూడు ఉన్నాయి. మూడింటిలోనూ బెయిల్ వచ్చింది. జైలు గేటు దాటకముందే పీడీ యాక్ట్ ఉత్తర్వు చేతిలో పెట్టి మళ్లీ లోపలికే పంపారు. బెయిల్ ఇచ్చిన కోర్టు మాటకు విలువ లేదా? ఇప్పుడు ఎవరి దగ్గరికి పోవాలి?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కోర్టు మాటకు విలువ ఉందమ్మా. అయితే ఆ బెయిల్ జరిగిపోయిన దొంగతనాలకు సంబంధించింది. పీడీ యాక్ట్, అంటే ముందస్తు నిర్బంధ చట్టం, ఇకముందు ఏం చేస్తాడో అన్న అనుమానం మీద నడుస్తుంది. ఇందులో సాక్షుల విచారణ ఉండదు, నేరం రుజువు చేయడం ఉండదు. లోపల ఉంచడం మాత్రం 12 నెలల దాకా ఉంటుంది. కాబట్టి మళ్లీ బెయిల్ పిటిషన్ వేసుకుంటూ తిరగొద్దు. చాలా కుటుంబాలు మొదటి నెలంతా అక్కడే పోగొట్టుకుంటాయి. బెయిల్ ఇచ్చే కోర్టుకు ఈ ఉత్తర్వును తాకే అధికారం లేదు. మీకున్న దారులు రెండు: ప్రభుత్వానికి విజ్ఞాపన, హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే పిటిషన్). రెండూ ఒకేసారి నడపవచ్చు.

మీ తమ్ముడి మీద వాడింది 1986 నాటి 1వ నంబరు చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. మొదట సారా కాసేవాళ్లు, బందిపోట్లు, మత్తుమందులు అమ్మేవాళ్లు, గూండాలు, భూకబ్జాదారుల కోసం తెచ్చారు. తెలంగాణ ఆ జాబితాలో నకిలీ విత్తనాలు, కల్తీ ఆహారం, సైబర్ నేరాల వంటివి కలిపింది. రాజ్యాంగం 22వ అధికరణం ఇలాంటి ముందస్తు నిర్బంధానికి చోటిచ్చింది. దాంతోపాటే గడువులూ పెట్టింది. మీవాడిని బయటికి తెచ్చేవి ఆ గడువులే. అందుకని ఒక క్యాలెండర్ ముందేసుకోండి.

నిర్బంధించిన రోజు నుంచి 5 రోజుల్లోపు ఎందుకు పెట్టారో రాతపూర్వకంగా ఇవ్వాలి. వకీళ్లు దీన్ని ‘గ్రౌండ్స్’ అంటారు. కలెక్టరో పోలీస్ కమిషనరో ఇచ్చిన ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వం 12 రోజుల్లో ఆమోదించకపోతే అది చెల్లదు. 3 వారాల్లో కేసు అడ్వైజరీ బోర్డు ముందుకు పోవాలి. నిర్బంధం మొదలైన 7 వారాల్లో బోర్డు తన నివేదిక ఇవ్వాలి. కారణం చాలదని బోర్డు అంటే ప్రభుత్వం విడిచిపెట్టి తీరాలి. బోర్డు ముందు వకీలును పెట్టుకునే హక్కు లేదు. మీ తమ్ముడే మాట్లాడాలి. అందుకే ఏ అంశాలు చెప్పాలో ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసి ములాఖత్‌లో ముందే వివరించండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, బోర్డు ముందు నోరు పెగలక వచ్చేసినవాళ్లు ఎందరో ఉన్నారు.

గ్రౌండ్స్ చేతికి రాగానే నాలుగు విషయాలు వెతకండి. ఒకటి, భాష. మీవాడికి వచ్చిన భాషలో ఉత్తర్వే కాదు, దానికి ఆధారంగా చూపిన ప్రతి కాగితమూ ఉండాలి. ఇంగ్లిష్ కట్ట ఇచ్చి ‘చదివి వినిపించాం’ అంటే చాలదు. రెండు, బెయిల్. మూడు కేసుల్లోనూ బెయిల్ వచ్చిందనీ, ఏ షరతులతో వచ్చిందనీ ఆ అధికారి ముందు పెట్టారా? పెట్టకపోతే ఆయన పూర్తి సంగతి తెలియకుండానే సంతకం చేశాడన్నమాట. మూడు, పాత కేసులు. ఎప్పుడో జరిగిన వాటిని తవ్వి తెచ్చి ఇవాళ ప్రమాదమంటే కోర్టులు ఒప్పుకోవు. నాలుగోది అన్నిటికన్నా బలమైనది. ఆ దొంగతనాల వల్ల దెబ్బతిన్నది ప్రజాజీవితమా, లేక ఫలానా ముగ్గురు మహిళలా?

ఈ నాలుగోదాన్ని కొంచెం విడమరిచి చెప్పాలి. 1965లో రామ్ మనోహర్ లోహియా కేసులో సుప్రీంకోర్టు ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు వలయాలు గీసింది. అన్నిటికన్నా పెద్దది మామూలు శాంతిభద్రతలు. దాని లోపలిది ప్రజాశాంతి. అన్నిటికన్నా లోపలిది, చిన్నది, దేశ భద్రత. ప్రతి నేరమూ పెద్ద వలయంలో పడుతుంది. కానీ ఊరి మొత్తం రోజువారీ బతుకును కలవరపెడితేనే రెండో వలయంలోకి వస్తుంది. ముందస్తు నిర్బంధం ఆ రెండో వలయం నుంచే మొదలవ్వాలి. గొలుసు దొంగతనానికి మామూలు చట్టం ఉంది, బెయిల్ రద్దు చేయించుకునే దారీ ఉంది. అవి వదిలేసి పీడీ యాక్ట్ ఎక్కుపెట్టడాన్ని సుప్రీంకోర్టు 2021 నుంచి తెలంగాణ కేసుల్లోనే పదేపదే తప్పుపట్టింది. 2024 మార్చిలో కొట్టేసిన ఉత్తర్వు కూడా ఇలాంటి దొంగతనాల కేసులోదే. అడ్వైజరీ బోర్డులు ముద్ర కొట్టి పంపే చోట్లు కాకూడదని అప్పుడు కోర్టు గట్టిగా చెప్పింది. ఆ తీర్పు ప్రతిని మీ వకీలు పిటిషన్‌కు జత చేయాలి.

ఒక హెచ్చరిక. ‘మూడు నెలలకోసారి పొడిగించలేదు కాబట్టి నిర్బంధం చెల్లదు’ అనే వాదన ఇంకా కొందరు వేస్తున్నారు. 2014 తీర్పు మీద ఆధారపడ్డ వాదన అది. 2023 ఆగస్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆ మూడు నెలల లెక్క కలెక్టర్లకు ప్రభుత్వం ఇచ్చే అధికారానికి సంబంధించినదే తప్ప నిర్బంధానికి కాదని తేల్చేసింది. దాన్నే నమ్ముకుంటే పిటిషన్ పోతుంది.

విజ్ఞాపన మీ తమ్ముడి సంతకంతో జైలు సూపరింటెండెంట్ ద్వారా పంపండి. మీరు విడిగా సచివాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో ఇంకో ప్రతి వేసి రసీదు దాచుకోండి. దాన్ని పట్టించుకోకుండా వారాల తరబడి పక్కన పెడితే, ఆ జాప్యం ఒక్కటే ఉత్తర్వు పడిపోవడానికి కారణం కావచ్చు. రసీదు లేకపోతే జాప్యాన్ని ఎలా చూపిస్తారు? ఫీజు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. నిర్బంధంలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు ఇవ్వాలి. ఫోన్ నంబరు 15100.

ప్రశ్న: 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం పేలుళ్ల చప్పుడు మా ఇంట్లోకి వినపడింది. అలాంటి పని చేసినవాళ్లకు కూడా హక్కులు, వకీళ్లు, అప్పీళ్లు అంటుంటే కడుపు మండిపోతుంది. మీరు ఎవరి పక్షం?
— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: పోయినవాళ్ల పక్షమే. అందుకే ఈ మాట చెబుతున్నాం. దిల్‌సుఖ్‌నగర్ కేసులో ముద్దాయిలకు వకీళ్లు ఉన్నారు, సాక్షులను ఎదురు ప్రశ్నలు వేసే అవకాశం ఇచ్చారు. 2016 డిసెంబర్‌లో ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు ఐదుగురికి మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. పద్ధతి పాటించడం వల్ల ఆ కేసు బలహీనపడలేదు.

అదే నగరంలో 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పాతబస్తీ యువకులను పట్టుకెళ్లారు. హింసించారని ఫిర్యాదులు వచ్చాయి. తర్వాత వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. రాష్ట్ర ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. దర్యాప్తు చేతులు మారింది. చివరికి విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ 2018 ఏప్రిల్‌లో కోర్టు విడిచిపెట్టింది. ఆ శుక్రవారం నమాజుకు పోయి తిరిగిరాని వాళ్ల ఇళ్లకు ఇంతవరకు దోషి ఎవరో చెప్పినవాళ్లు లేరు. పేలుడు జరిగిన మొదటి వారాల్లోనే అసలు ఆనవాళ్లు దొరుకుతాయి. ఆ వారాల్లో దొరికినవాడిని కొట్టి ఒప్పించే పనిలో పడితే అసలువాడికి పారిపోయే టైము ఇచ్చినట్టే. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదన్న నియమం దొంగలను కాపాడడానికి పెట్టింది కాదండీ. దర్యాప్తు అధికారి లాఠీ మీద కాకుండా ఆధారాల మీద పనిచేయాలని పెట్టింది.

ప్రశ్న: మా సంఘం ‘చలో విజయవాడ’ పిలుపు ఇస్తే చాలు, తెల్లవారుజామునే మా ఇంటి ముందు కానిస్టేబుళ్లు కూర్చుంటారు. ‘మాస్టారూ, మీరు హౌస్ అరెస్ట్’ అంటారు. కాగితం అడిగితే పై నుంచి ఆర్డర్ అంటారు. ఇది చట్టమేనా?
— ఒక ఉపాధ్యాయుడు, నెల్లూరు జిల్లా

జవాబు: కాగితం లేని హౌస్ అరెస్ట్ ఏ చట్టంలోనూ లేదు మాస్టారూ. కోర్టు తన కస్టడీ ఉత్తర్వులో గృహనిర్బంధం విధించవచ్చు. పోలీసులు తమంతట తాము మీ గుమ్మం ముందు కూర్చుని విధించలేరు.

పోలీసుల దగ్గర నిజంగా ఉన్న అధికారం బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 170వ సెక్షన్. పాత 151 అదే. మీరు కేసు పెట్టదగ్గ నేరం చేయబోతున్నారని తెలిసి, అరెస్టు తప్ప దాన్ని ఆపే దారి లేదనిపిస్తేనే పట్టుకోవాలి. అది కూడా 24 గంటలు మించకూడదు. సభకు పోవడం నేరం కాదు కాబట్టి ‘సభకు పోతారని’ అనే కారణం ఆ సెక్షన్‌కు సరిపోదు. ఇంకొకటి బైండోవర్, అంటే గొడవ చేయనని పూచీకత్తు రాయించుకోవడం. దానికి తహశీల్దారు దగ్గర నుంచి కారణాలతో లిఖితపూర్వక నోటీసు రావాలి, మీ మాట వినాలి. 163వ సెక్షన్, అంటే పాత 144 కింద నిషేధాజ్ఞ ఉంటే దాని ప్రతి అడగండి. దాని ఆయుష్షు రెండు నెలలు. ప్రభుత్వం పొడిగిస్తే మరో ఆరు నెలలు.

గుమ్మం దగ్గర ఏం చేయాలి? తోసుకుని పోవద్దు. విధి నిర్వహణకు అడ్డుపడ్డారని కొత్త కేసు కడతారు, అసలు విషయం పక్కకు పోతుంది. నేను అరెస్టులో ఉన్నానా లేదా అని అడగండి. లేదంటే, అయితే నేను బయటికి పోవచ్చా అని అడగండి. ఈ రెండు జవాబులూ వీడియోలో రికార్డవ్వాలి. వచ్చినవారి పేరు, నంబరు, టైము రాసుకోండి. అప్పుడే జిల్లా ఎస్పీకి ఈమెయిలో వాట్సాపో పంపండి. అరెస్టే అంటే అరెస్టు మెమో అడగండి. దాని మీద ఇంటివాళ్లో, ఆ వీధి పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, మీరూ చేయాలి. మీవాళ్లకు కబురు చేయాలి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో మీకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు అన్ని రకాల కేసులకూ వర్తించేలా చెప్పింది. అక్కడికక్కడ రాసివ్వడం కుదరకపోతే ముందు నోటితో చెప్పి, మెజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం 2 గంటల ముందైనా కాగితం ఇవ్వాలి. 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలన్నది రాజ్యాంగం మాట. ప్రయాణ సమయం మాత్రమే ఇందులోంచి తీసేస్తారు.

ఇక సభ సంగతి. అనుమతి దరఖాస్తు ముందురోజు ఇచ్చి, రాలేదని బాధపడితే కోర్టు కూడా ఏమీ చేయలేదు. కనీసం పది రోజుల ముందు చోటు, వేళ, రాబోయే జనం సంఖ్య, వాలంటీర్ల పేర్లతో ఇచ్చి రసీదు తీసుకోండి. కాదంటే కారణాలతో రాసివ్వమనండి. ఆ కాగితంతో హైకోర్టులో లంచ్ మోషన్ (అదే రోజు వినమని కోరే అత్యవసర పిటిషన్) వేయవచ్చు. కోర్టు సాధారణంగా జనం సంఖ్యకు, సమయానికి హద్దులు పెట్టి అనుమతి ఇస్తుంది. కందుకూరు తొక్కిసలాటలో ప్రాణాలు పోయాక రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ 2023 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 1ని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అదే ఏడాది మేలో కొట్టేసింది. జనం ప్రాణాలు ముఖ్యం కాదని ఎవరూ అనలేదు. ప్రమాదం ఒకచోట జరిగిందని హక్కునే మొత్తంగా తీసేయకూడదు. అదే సమయంలో రోడ్డును రోజుల తరబడి ఆపేయడం కుదరదని 2020 అక్టోబర్‌లో షహీన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాయకులు ఈ రెండో తీర్పు కూడా చదవాలి.

ప్రశ్న: రాత్రి బండి మీద వస్తుంటే ఆపి ఫోన్ అన్‌లాక్ చేయమన్నారు. వాట్సాప్‌లో ‘గంజాయి’ అని కొట్టి వెతికారు. ఏమీ దొరకలేదు, పంపించేశారు. నేను వద్దనొచ్చా?
— ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: అనొచ్చు బాబూ. మర్యాదగా అను. ‘సార్, ఏ కేసులో? నోటీసు ఉందా?’ అంటే చాలు. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఇలాంటి తనిఖీల వీడియోలు బయటికి వచ్చి పెద్ద చర్చే నడిచింది. వీధిలో పోయేవాడి ఫోన్ తెరిపించే అధికారం ఏ సెక్షన్లోనూ లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. దాన్ని కత్తిరించాలంటే ముందు ఒక చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, అవసరానికి మించని కొలత ఉండాలి. అనుమానానికి ఆధారం లేకుండా దారిన పోయే వందమందిని ఆపి వెతకడం ఈ కొలతకు ఆగదు.

కేసు నిజంగా ఉంటే సంగతి వేరు. అప్పుడు బీఎన్ఎస్ఎస్ 94 కింద ఫోన్ తెచ్చి ఇమ్మని రాతపూర్వకంగా అడగవచ్చు, లేదా కోర్టు వారెంటు తేవచ్చు. వారెంటు లేకుండా అత్యవసరంగా సోదా చేస్తే, ఎందుకు చేస్తున్నారో ముందు రాసి, ఆ కాగితాన్ని 48 గంటల్లో మెజిస్ట్రేటుకు పంపాలి. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి. ఫోన్ తీసుకుంటే పంచనామాలో ఐఎంఈఐ నంబరు, ఫోన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నది రాయించుకోవాలి. వీలైతే హ్యాష్ వాల్యూ కూడా రాయించాలి. అది ఫోన్లోని సమాచారానికి వేలిముద్ర లాంటిది. తర్వాత ఒక్క ఫైలు కలిపినా తీసినా ఆ సంఖ్య మారిపోతుంది. కవరులో పెట్టి సీలు వేయకుండా జేబులో పెట్టుకుపోతుంటే ఆ మాట కూడా పంచనామాలో రాయమని పట్టుబట్టాలి. పంచనామా ప్రతి నీ హక్కు.

పాస్‌వర్డ్ గురించి కోర్టుల్లో ఇంకా ఒక మాట కుదరలేదు. ముద్దాయిని తనమీద తానే సాక్ష్యం చెప్పమనకూడదని 20వ అధికరణం అంటుంది. పాస్‌వర్డ్ ఇవ్వడం దాని కిందికి వస్తుందా రాదా అన్నదానిపై వేర్వేరు కోర్టులు వేర్వేరుగా చెప్పాయి. అందువల్ల వకీలుతో మాట్లాడాకే ఇస్తానని చెప్పడం సురక్షితం. అబద్ధం పాస్‌వర్డ్ చెప్పడం, వాళ్ల ముందే ఏదైనా చెరిపేయడం మాత్రం చేయొద్దు. ఆధారాలు మాయం చేశాడన్న కొత్త నేరం మెడకు చుట్టుకుంటుంది.

ప్రశ్న: నా ఫోన్ ట్యాప్ అవుతోందని అనుమానం. మాట్లాడుతుంటే టక్‌టక్‌మని శబ్దం, బ్యాటరీ వేడెక్కడం. ఎలా తెలుసుకోవాలి?
— ఒక వ్యాపారి, ఖమ్మం

జవాబు: శబ్దం, వేడి ఆనవాళ్లు కావు. చట్టబద్ధమైన ట్యాపింగ్ కంపెనీ వైపు నుంచి జరుగుతుంది, మీ ఫోన్‌కు తెలియదు. మీకు నోటీసు ఇవ్వాలన్న నియమం కూడా లేదు. ఇది మన చట్టంలో పెద్ద లోటని మా అభిప్రాయం. దర్యాప్తు అయిపోయాకైనా చెప్పాలన్న నిబంధన ఉంటే చాలా దుర్వినియోగం ఆగేది.

ఉన్న కాపలా ఇది. 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమాలే కొంత మారి ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద 2024 డిసెంబర్‌లో వచ్చిన రూల్స్‌లో ఉన్నాయి. రాష్ట్రంలో హోం శాఖ కార్యదర్శి, కేంద్రంలో కేంద్ర హోం కార్యదర్శి ఉత్తర్వు ఇవ్వాలి. అత్యవసరంలో ఐజీ స్థాయి అధికారి మొదలుపెట్టవచ్చు గానీ 3 పనిదినాల్లో పైకి తెలపాలి, 7 పనిదినాల్లో ఆమోదం రాకపోతే ఆపేయాలి, విన్నది సాక్ష్యంగా వాడకూడదు. ఒక ఉత్తర్వు 60 రోజులు. పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన రివ్యూ కమిటీ రెండు నెలలకోసారి ఈ ఉత్తర్వులను చూడాలి.

బలహీనత ఎక్కడుందో గమనించారా? ఉత్తర్వు ఇచ్చేదీ అధికారే, తనిఖీ చేసేదీ అధికారులే. న్యాయమూర్తి ఎక్కడా లేరు. జాబితాలో ఒక నంబరు ఎవరిదో తప్పుగా రాసి పంపినా రెండు నెలల తర్వాత కమిటీ బల్ల మీద ఉండేది కాగితమే, మనిషి కాదు. హైదరాబాద్‌లో 2024 మార్చిలో నమోదైన ట్యాపింగ్ కేసులో ఎవరి తప్పెంతో కోర్టు తేల్చాలి. కానీ ఈ నియమాలు కాగితం మీదే ఉండిపోతే ఏమవుతుందన్న ప్రశ్నను ఆ కేసు ప్రతి ఇంటి ముందుకూ తెచ్చింది. అక్రమంగా వింటే 3 ఏళ్ల దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీ సంభాషణ మూడో మనిషి నోట యథాతథంగా వినిపించడం, కోర్టు కాగితాల్లో కనిపించడం వంటి గట్టి ఆధారం ఉంటే ఫిర్యాదు ఇవ్వండి, హైకోర్టుకు పోండి. అనుమానం ఒక్కటే ఉంటే ముందు ఫోన్లో ఏయే యాప్‌లకు మైక్ అనుమతి ఇచ్చారో చూడండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరవండి. చాలాసార్లు వినేది ప్రభుత్వం కాదు, ఇంట్లోనో కొట్లోనో మన ఫోన్ ఒక నిమిషం చేతిలోకి తీసుకున్న మనిషే.

ప్రశ్న: మా అబ్బాయి మీద ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసు పెట్టారు. అరెస్టయి 80 రోజులైంది. ఇంట్లో దొరికినవి పుస్తకాలు, కరపత్రాలు. బెయిల్ ఇక రాదంటున్నారు, నిజమేనా?
— ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: కష్టం, కానీ ‘రాదు’ అన్నది నిజం కాదు. మీకు ఇవాళ అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ 80 అన్న అంకె. 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే డిఫాల్ట్ బెయిల్ హక్కు పుడుతుంది. మొదటి రిమాండ్ రోజును కూడా లెక్కలో కలుపుకోవాలని 2023 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. గడువును 180 రోజులకు పెంచమని పబ్లిక్ ప్రాసిక్యూటర్ అడగవచ్చు. అందుకు దర్యాప్తు ఎంతవరకు వచ్చింది, ఇంకా ఎందుకు లోపల ఉంచాలి అన్న కారణాలతో తన నివేదిక ఇవ్వాలి. పోలీసుల ఉత్తరాన్ని ఆయన అలాగే పంపిస్తే అభ్యంతరం చెప్పాలి. పెంపు ఇచ్చే అధికారం ప్రత్యేక కోర్టుకు, అది లేనిచోట సెషన్స్ కోర్టుకు ఉంది, మామూలు మెజిస్ట్రేటుకు లేదు. పెంపు లేకుండా 90 దాటితే మర్నాడు కోర్టు తెరిచేసరికే పిటిషన్ దాఖలై ఉండాలి. మధ్యాహ్నం దాకా ఆగితే ఈలోగా చార్జిషీటు వచ్చేస్తుంది, హక్కు పోతుంది. ముందు దాఖలు చేసినవారి హక్కు మాత్రం తర్వాత వచ్చిన చార్జిషీటుతో పోదు.

కేసు బలాబలాల మీద బెయిల్‌కు 43డి(5) సెక్షన్ అడ్డం. ఆరోపణలు పైకి నిజమనిపిస్తే బెయిల్ ఇవ్వకూడదంటుంది. అయితే విచారణ సమీపంలో ముగిసే ఆశ లేనప్పుడు రాజ్యాంగ కోర్టులు బెయిల్ ఇవ్వవచ్చని 2021 ఫిబ్రవరిలో ముగ్గురు న్యాయమూర్తులు చెప్పారు. పుస్తకాలు దగ్గర ఉండటం ఒక్కటే ఉగ్రవాద చర్య కాదని 2023 జూలైలో బెయిల్ ఇస్తూ ఇంకో ధర్మాసనం చెప్పింది. ఎదురుగాలి కూడా తెలుసుకోండి. నిషిద్ధ సంస్థలో సభ్యత్వమే నేరమవుతుందని 2023 మార్చిలో తీర్పు వచ్చింది. కాబట్టి మీ వకీలు సభ్యత్వానికి ఉన్న ఆధారం ఏమిటన్న చోట నిలబడాలి.

ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి తేదీలు కూడా చూడండి. స్వతంత్ర అధికారి 7 పనిదినాల్లో సిఫార్సు చేయాలి, ఆపై 7 పనిదినాల్లో ప్రభుత్వం నిర్ణయించాలి. ఈ గడువులు పాటించి తీరాల్సినవేనని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు అంది. ఈ అభ్యంతరం మొదట్లోనే లేవనెత్తాలి. ప్రత్యేక కోర్టు బెయిల్ కాదంటే హైకోర్టులో మామూలు బెయిల్ పిటిషన్ వేయకూడదు. ఎన్ఐఏ చట్టం 21వ సెక్షన్ కింద ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనానికి 30 రోజుల్లో అప్పీలు వేయాలి. సింగిల్ జడ్జి ముందు వేసి వెనక్కి తిరిగొచ్చిన పిటిషన్ల వల్ల నెలలు పోతాయి. మీ అబ్బాయి నెలలవి.

ప్రశ్న: 2022 మేలో గొడవల తర్వాత మా కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి ఉద్యోగం చేసే మాలాంటివాళ్లు ఏ తప్పు చేశాం?
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఇళ్లు తగలబెడుతున్న రాత్రి పుకార్లు ఆపడానికి నెట్ ఆపడం సమర్థించదగ్గదే. మంటలు ఆరాక కూడా ఎన్నాళ్లు, ఎంత మేర అన్నదే ప్రశ్న. 2020 జనవరి 10న అనూరాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలు తేల్చింది: ఉత్తర్వును ప్రచురించాలి, గడువు లేకుండా ఆపకూడదు. ఇప్పటి 2024 రూల్స్ ప్రకారం ఒక ఉత్తర్వు 15 రోజులు మించకూడదు, ఏ ప్రాంతమో, ఎందుకో రాయాలి, రివ్యూ కమిటీ 5 పనిదినాల్లో చూడాలి. మళ్లీ అలా జరిగితే మొదటి రోజే కలెక్టరేట్‌లో ఉత్తర్వు ప్రతి అడగండి. ఏ మండలంలో గొడవ లేదో చూపిస్తూ అక్కడికి సడలింపు కోరండి. జిల్లా మొత్తానికి ఒకే తాళం వేసిన ఉత్తర్వు కోర్టులో నిలవడం కష్టం.

ప్రశ్న: మళ్లీ ఎమర్జెన్సీ పెడితే ఇవన్నీ ఒక్కరోజులో పోవా?
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, తెనాలి

జవాబు: కొన్ని పోతాయి, అన్నీ కావు. 1976 ఏప్రిల్‌లో జబల్‌పూర్ కేసులో నలుగురు న్యాయమూర్తులు, ఎమర్జెన్సీలో అక్రమ నిర్బంధాన్ని కూడా ప్రశ్నించలేరన్నారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు, తర్వాత చీఫ్ జస్టిస్ పదవి ఆయనకు దక్కలేదు. 1978లో 44వ సవరణ 20, 21 అధికరణాలను ఎమర్జెన్సీలోనూ తాకకుండా చేసింది. ‘ఆంతరంగిక కల్లోలం’ అన్న సాకును తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని మార్చింది. ఆ 1976 తీర్పును 2017లో పుట్టస్వామి కేసులో తప్పని ప్రకటించారు.

ప్రశ్న: మా అన్నయ్యను నిన్న సాయంత్రం మఫ్టీలో ఉన్నవాళ్లు తీసుకుపోయారు. ఏ స్టేషన్లోనూ లేడంటున్నారు. ఆర్టీఐ వేస్తే నెల పడుతుందట.
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నెల కాదు, 48 గంటలు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారానికి సమాచార హక్కు చట్టం 7(1) పెట్టిన గడువు అది. దరఖాస్తు మొదటి వాక్యంలోనే ‘వ్యక్తి ప్రాణం, స్వేచ్ఛకు సంబంధించినది, 48 గంటల్లో ఇవ్వాలి’ అని రాయండి. కానీ దాని కోసం ఆగొద్దు. ఇవాళే ఈ పనులు చేయండి: అరెస్టయినవారి పేర్లు ఉంచాల్సిన జిల్లా కంట్రోల్ రూమ్‌లో అడగండి, స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు వేయండి, 24 గంటలు దాటితే ఆ ఫిర్యాదు ప్రతితో హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయండి. తీసుకుపోయిన చోటి దుకాణాల సీసీ కెమెరా దృశ్యాలు ముందుగా కాపీ చేసుకోండి, చాలా దుకాణాల్లో పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది. స్టేషన్ కెమెరాల రికార్డింగ్ 18 నెలలు, కనీసం ఏడాదైనా ఉంచాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అనుమానం ఉన్న స్టేషన్ పేరు, నిన్నటి తేదీ, గంటలు రాసి ఆ దృశ్యాలను భద్రపరచమని పిటిషన్‌లోనే విడిగా అడగండి.